పూర్వుల పానశాలల జాడ
(మహాసభ రెండవనాటి ఉదయమున గావించిన ఉపన్యాసము)



విద్యానిధిని గుఱించియు, విద్యార్థి వసతిగృహమును గుఱించియు మాటలాడదగిన పెద్దలు ఈ వేదికపై పెక్కురు కలరు. మాకు నియమింపబడిన విషయము కులచరిత్రము. మేము చరిత్రకారులము కాము. ఇరువది యేండ్లకు పైబడి ఇంగ్లండు దేశపు దక్షిణతీరమునందలి బ్రైటన్ పట్టణమున కాపురమున్నవారము. కావున గ్రంథములు తిరుగవేసి కులోత్పత్తిని గుఱించి చెప్పుటకంటె, ఆ పట్టణమున ఒక యింటివారి పూర్వుని పానశాలలను వెదకుటలో మేము పడిన పాట్లను మీకు విన్నవించుట మేలని తలంచితిమి. దొరల సారాకొట్లతో మనకేమి పని యని కొందఱు నవ్వవచ్చును. నవ్వియైనను వినుడు.

మా పొరుగింట ఎనుబది యేండ్లు దాటిన యొక దొరసాని కలదు. ఆమెకు సంతానము లేదు, బంధువులు దూరదేశములందున్నారు. ఒకనాడామె మమ్ము పిలిచి, తన ముత్తాతకు తండ్రియైనవాడు ఈ పట్టణమున మూడు హోటళ్లు నడపెననియు, ఆ హోటళ్లేవో, ఇప్పుడున్నవో లేవో కనుగొనవలెనని తనకు చిరకాలముగా కోరిక గలదనియు, కన్నులు మందగించుటచే ఆ పని తనవలన కాదనియు చెప్పెను. కాగితములు చదువుట మాకలవాటు గనుక సరే యంటిమి. ఆ మాటలమీదనే ఆమె, "మఱి మీ తాతగారేమి చేసెడివారు?" అని యడిగెను. "వ్యవసాయము" అని మేము బదులు చెప్పితిమి. ఆ యుత్తరము ఎంతవఱకు నిజమో ఈ సభలోని వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. దానిని గుఱించి కడపట మాటలాడుదుము.

ముందుగా ఆ పట్టణమును గుఱించి నాలుగు మాటలు. బ్రైటన్ పూర్వము చేపలు పట్టువారి పల్లె. 1750 ప్రాంతమున రిచర్డు రస్సెల్ అను వైద్యుడు సముద్రజలము త్రాగుటవలనను, అందు మునుగుటవలనను గ్రంథిరోగములు నయమగునని వ్రాసి, 1753లో ఆ యూర సముద్రము నెదుటనే యిల్లు కట్టుకొనెను. రోగులు వచ్చిరి. రోగుల వెంట రోగము లేని ధనికులు వచ్చిరి. 1783లో యువరాజు జార్జి వచ్చెను. ఆతనికొఱకు జాన్ నాష్ అను శిల్పి 1815 మొదలుకొని మన దేశపు గుమ్మటములు పెట్టి కట్టిన మందిరము నేటికిని అచ్చట నున్నది. మొదటి మహాయుద్ధమున గాయపడిన మన సిపాయిలను 1914 డిసెంబరు మొదలు ఆ గుమ్మటముల క్రిందనే పరుండబెట్టి చికిత్స చేసిరి. 1841లో లండన్ నుండి రైలు వచ్చిన పిమ్మట ధనికులేగాక కూలివాండ్రును సెలవునాడు సముద్రము చూడ వచ్చుటకు మొదలిడిరి. 1801లో 7 వేల పైచిలుకు జనమున్న ఊరు 1851 నాటికి 65 వేలు దాటెను. ఇంతమందికి బసలు కావలెను, పానీయము కావలెను. ఈ రెంటిని అమ్మినవారివలననే ఆ యూరు బ్రదికినదనిన అతిశయోక్తి కాదు.

మూడు హోటళ్లని దొరసాని చెప్పెను గదా, మేమును పెద్ద హోటళ్లతోనే మొదలుపెట్టితిమి. వానిలో పురాతనమైనది ఓల్డ్ షిప్ అనునది. 1651లో ప్రాణభీతితో పాఱిపోవుచున్న రెండవ చార్లెసు రాజును తన బొగ్గుపడవపై ఫ్రాన్సుకు దాటించిన టెటర్సెల్ అను నావికుడు, ఆ రాజునకు మఱల రాజ్యము వచ్చిన తరువాత ఆ సత్రమును కొనెను. 1826లో రస్సెల్ వైద్యుని యింటి స్థలమున ఆల్బియన్ హోటలు వెలసెను. 1829లో బెడ్‌ఫర్డు, 1864లో గ్రాండు, 1890లో మెట్రొపోలు. వీని నడపినవారి పేరులు తెలియుట కష్టము గాదు. పత్రికలనిండ వారి ప్రకటనలే. అందెచ్చటను మా దొరసాని పూర్వుడు లేడు.

ఇచ్చట ఆ దేశపు చట్టములను కొంత చెప్పక తప్పదు. విసుగు చెందకుడు, జాడ అంతయు ఇందే యున్నది. 1552లో చేసిన చట్టము ననుసరించి, బీరు అమ్మదలచినవాడు ఇద్దఱు న్యాయాధిపతుల యనుమతి పొంది, తన యింట అక్రమము జరుగనీయనని పూచీ వ్రాసి యీయవలెను. 1753 నాటి చట్టము ఆ పూచీలనన్నిటిని ఒక పుస్తకమున కెక్కింపుమనెను. ఆ పుస్తకములు చాలచోట్ల నిలిచియున్నవి; వానిలో అమ్మువాని పేరు, ఊరు, పూచీదారు పేరు కానవచ్చును. 1828లో వేఱొక చట్టము వచ్చి పూచీల పద్ధతిని తీసివేసెను. అంతటితో ఆ పుస్తకములును ఆగిపోయినవి. పిదప 1830లో బీరుకొట్ల చట్టము వచ్చెను. పన్ను కట్టు ఏ గృహస్థుడైనను ఏడాదికి రెండు గినీలు చెల్లించినచో, న్యాయాధిపతుల మొగము చూడకయే తన యింట బీరు కాచి అమ్ముకొనవచ్చును. సారాయి మాత్రము అమ్మరాదు. ఎనిమిది యేండ్లలో ఆ దేశమున 40 వేలకు పైగా బీరుకొట్లు పుట్టినవి. చెప్పులు కుట్టువాడు ముందుగదిలో చెప్పులు కుట్టుచునే వెనుకగదిలో పీపా పెట్టెను. 1869లో గాని వీరు మఱల న్యాయాధిపతుల చేతిక్రిందికి రాలేదు. 1872 చట్టము వలన లైసెన్సుల పుస్తకములు మఱల క్రమముగా వ్రాయబడినవి.

దీనినిబట్టి తేలినదేమి? 1828కి పూర్వమున్న పానశాల దొరకును. 1872కి తరువాతిది దొరకును. నడుమ నలువది యేండ్లవాడు దొరకుట కష్టము. మా దొరసాని పూర్వుడు సరిగా ఆ నడుమ నున్నవాడు.

బ్రైటన్ ప్రక్కన ఫాల్మరు నొద్ద కీప్ అను దస్తావేజు భాండారము కలదు. దానిని 2013లో తెఱచిరి. అచ్చట కలము లోనికి తీసికొని పోనీయరు. పెన్సిలుతోనే వ్రాసికొనవలెను. కోటు, సంచి బయట పెట్టవలెను. మేము శనివారము వెంట శనివారము అచ్చటికి పోయి వర్తకుల పట్టికలను చూచితిమి. పిగటు, కెల్లీ, పేజి అనువారలు ఆయా కాలములందు ప్రకటించిన పట్టికలవి. వీథివారిగాను వృత్తివారిగాను పేరులుండును. మూడవ శనివారము ఒక పట్టికలో మేము వెదకుచున్న పేరే, సముద్రాభిముఖమైన యొక మంచి హోటలు యజమానిగా కంటబడెను. ఆనందమాపుకొనలేక ఆ సాయంకాలమే పోయి దొరసానితో చెప్పితిమి. ఆమె కన్నీరు పెట్టుకొనెను. ఆ హోటలు పాత చిత్రపటము నొకదానిని కొని గోడకు తగిలించెను.

అది మేము చేసిన తప్పు. పేరు కలిసినంత మాత్రమున మనిషి కలిసినట్లు కాదు. మన యూళ్లలో నలుగురు మల్లయ్యలున్నట్లే అచ్చట నలుగురు జానులుందురు. జనసంఖ్యా లెక్కలు పరిశీలింపవలసియుండెను. ఇంగ్లండున 1841 లెక్కయందు మొదటిసారి ప్రతివాని పేరును వ్రాసిరి; కాని పదునైదేండ్లు దాటినవారి వయస్సును ఐదేసి యేండ్లకు తగ్గించి వ్రాయవలెనని యాజ్ఞ యుండుటచే ముప్పదినాలుగేండ్లవాడును ముప్పది యనియే యుండును. 1851 లెక్కయందు సరియైన వయస్సును, జన్మగ్రామమును, ఇంటి యజమానితో సంబంధమును చేర్చిరి. నూఱేండ్లు గడచినగాని ఈ లెక్కలను జనులకు చూపరు; 1921 నాటిది 2022లో వెలువడెను; 1931 నాటిది 1942లో అగ్నికాహుతియయ్యెను; 1941లో యుద్ధముచే లెక్కయే జరుగలేదు. సరి, 1851 లెక్క చూచితిమి. సముద్రతీరపు హోటలువాడు సజీవుడై, వేఱొక భార్యతో, కెంటు మండలమున పుట్టినవాడుగా కనబడెను. అదే లెక్కలో, ఊరి కావలిభాగమున, ఇరుకుసందులో, దొరసాని పూర్వుని భార్య నలుగురు బిడ్డలతో, విధవగా, "బీరు అమ్మునది" అను వృత్తితో కనబడెను. పెద్దకొడుకు పేరు, వయస్సు దొరసాని ముత్తాతకు సరిపోయెను. సందేహము లేదు.

ఆ సంగతి ఆమెతో చెప్పుటకు మాకు పదునైదు దినములు నోరు రాలేదు. గోడమీది పటమును చూచినప్పుడెల్ల తల దించుకొంటిమి. చెప్పకముందు మిగిలినదంతయు తెలిసికొందమని మఱల వెదకితిమి.

బీరుకొట్టువాని దొరకించుకొనుటకు పట్టికలలో హోటళ్ల పుటలు చూడరాదు. బీరుకొట్టునకు తఱచుగా పేరే వ్రాయరు. "బీరు చిల్లర వర్తకుడు" అని మనిషి పేరు, వీథి మాత్రము వ్రాయుదురు. ఈ సంగతి తెలియక మేము మొదట రెండు నెలలు వృథా చేసితిమి. రెండవది, వీథుల యింటినెంబర్లు కాలక్రమమున మాఱినవి. నాటి 12 నేటి 12 కాదు. ప్రభుత్వ కొలతశాఖవారు గీసిన పెద్ద పటములలో పబ్బునకు పీ.హెచ్. అనియు, బీరుకొట్టునకు బీ.హెచ్. అనియు గుర్తులుండును. పటమును పట్టికను ప్రక్కప్రక్కన పెట్టి, వీథి మూలనుండి ఇండ్లు లెక్కించుకొనుచు పోయినగాని స్థలము తేలదు. పత్రికలు నింకొక యాధారము. బ్రైటన్ హెరాల్డు 1806 నుండియు, బ్రైటన్ గెజెటు 1821 నుండియు వెలువడినవి. ఏటేట లైసెన్సుల సభ జరిగినప్పుడు ఎవరికిచ్చిరో ఎవరికి కాదనిరో అందు వ్రాయుదురు. మఱియు ఆ కాలమున అనుమానాస్పదముగా చచ్చినవారిని గుఱించిన విచారణ పబ్బులలోనే జరిగెడిది. ఊరిలో పదిమంది కూర్చుండదగిన గది వేఱొకచోట లేకుండుటయే కారణము. అట్టి విచారణ వార్త యొకదానిలో మా విధవరాలి కొట్టు కానవచ్చెను. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యొక జాలరి శవమును ఆమె వెనుకగది బల్లపై పెట్టి పంచాయతీ జరిపిరట. ఆ రాత్రి ఆ బిడ్డలెచ్చట పరుండిరో పత్రిక చెప్పలేదు.

మూడు హోటళ్ల సంగతి అన్నిటికంటె చిత్రమైనది. లండన్ గెజెటు అను ప్రభుత్వ పత్రిక 1665 నుండి నేటివఱకు నడచుచున్నది. అప్పు తీర్పలేక ఋణగ్రస్తుల న్యాయస్థానమునకు పోయినవారి పేరులను అందు ప్రకటించెడివారు. అప్పులవాండ్రు తమ కన్నుగప్పి పోకుండునట్లు, ఆ మనిషి యిదివఱకు ఏయే వీథిలో ఏయే వ్యాపారము చేసెనో వరుసగా వ్రాసెడివారు. 1840 దశకమున నొక సంచికలో మా మనిషి దొరకెను. మొదట నొక వీథిలో బీరుకొట్టు, తరువాత వేఱొక వీథిలో బీరుకొట్టును చేపల వ్యాపారమును, ఆ పిమ్మట మూడవ వీథిలో బీరుకొట్టు, ఇప్పుడు చెఱసాలలో ఋణఖైదీ. ఇవియే మూడు హోటళ్లు! ఒక్కసారి నడపినవి గావు, ఒకటి పోగా నింకొకటి. కుటుంబములో నోటినుండి నోటికి దిగుచు కొట్లు హోటళ్లయినవి, పోవుట మఱుగుపడి సంఖ్య మాత్రము నిలిచినది. అబద్ధమెవరును ఆడలేదు.

ఈ గెజెటును గుఱించి యొక మాట. మన దేశస్థుడైన షేక్ దీన్ మహమ్మదు, పాట్నా యందు 1759లో పుట్టినవాడు, 1810లో లండన్ నగరమున హిందూస్తానీ కాఫీ హౌసు అను భోజనశాలను తెఱచెను. ఆంగ్ల దేశమున భారతీయుడు తెఱచిన మొదటి భోజనశాల యదియే యందురు. 1812లో దివాలా తీసెను. పిదప బ్రైటన్ వచ్చి, ఆవిరి స్నానములును ఒడలు పట్టుటయు వృత్తిగా పెట్టుకొని, ఇద్దఱు రాజులకు సేవచేసి, 1851లో అచ్చటనే కాలధర్మము నొందెను. సెయింటు నికొలసు దేవళపు ఆవరణమున ఆతని సమాధిని మేము చూచితిమి. ఆతని స్నానశాల స్థలమున క్వీన్స్ హోటలున్నది. ఆతని దివాలా ఆతనికి అపకీర్తి తెచ్చినదా? ఆ దివాలాకాగితము లేకున్న ఆ భోజనశాల యెన్నడు ఆతని చేయి జాఱెనో నేడు చెప్పగలవారెవరు?

కడపట మేము ఆ మూడు స్థలములకును నడచి పోయితిమి. ఒకటి రైలుస్టేషను సమీపమున మంగలి దుకాణముగా నున్నది. రెండవది కార్ల్‌టన్ హిల్ ప్రాంతమునది. అచ్చటి ఇరుకిండ్లను రెండవ మహాయుద్ధమునకు ముందు మురికివాడలని కూల్చివేసిరి. నేడచ్చట గడ్డి మొలచిన వాలు మాత్రమే కలదు. మూడవది, విధవరాలు నడపినది, పబ్బుగానే యున్నది, పేరు మాత్రము మాఱినది. ఆ పేరు ఇచ్చట చెప్పము. ఆ కుటుంబములో కొందఱికి అది సమ్మతము కాదు. లోనికి పోయి నిమ్మరసము త్రాగితిమి. వెనుకగదిలో బిలియర్డ్సు బల్ల వేసియున్నారు.

ఆ సాయంకాలము కాగితముల కట్ట చేతబట్టుకొని దొరసాని యింటికి పోయి ఉన్నదున్నట్లు చెప్పితిమి. మేము తొందరపడి చెప్పిన తప్పు మాటకు క్షమాపణ కోరితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, "ఆ విధవ ఎన్నేండ్లు నడపినది?" అని యడిగెను. పట్టికలలో కానవచ్చినంతవఱకు పదునెనిమిదేండ్లంటిమి. బిడ్డలందఱు బ్రదికిరా యనెను. బ్రదికిరంటిమి. ఆమె లేచి గోడమీది హోటలు పటమును తీసి, ఆ జనసంఖ్యా పుట ప్రతిని ఆ చట్రములోనే పెట్టుమని మాకిచ్చెను. చట్రము పెద్దదయ్యెను, చుట్టు తెల్లకాగితము పెట్టి సరిచేసితిమి.

ఆ పని చేయుచుండగనే మేము ఆమెతో మొదట చెప్పిన మాటను సవరించితిమి. మా తాతగారు నల్లగొండ జిల్లాలో తాళ్లెక్కి కల్లు గీచెడివారు. ఆయనకు అడుగు భూమి లేదు. దుకాణము గుత్త వేఱొకనిది. తాతగారిది చెట్టెక్కుట మాత్రమే. బ్రైటన్ బీరుకొట్టువాడు బీరు కాచు పెద్ద కంపెనీవారికి ఎట్లు లొంగియుండెనో మా తాత గుత్తదారునకట్లు లొంగియుండెను. మేము చిన్నవారముగా నున్నప్పుడు మా తండ్రిగారు ఉద్యోగరీత్యా పట్టణమున ఇల్లు కట్టి, తాతగారి మోకును, ముస్తాదును, కత్తిని, ఒక రేకుపెట్టెలోని ఉర్దూ కాగితములను కలిపి తీసి పారవేసిరి. ఆ కాగితములు చెట్లపన్ను రసీదులని తరువాత మా మేనత్త చెప్పెను. మా తండ్రిగారిని తప్పుపట్టుట లేదు. బడిలో ఆయనను ఏమని పిలిచిరో మాకు తెలియును. కాని మేము విదేశమున, మమ్మెవరును ఏమియు అనని చోట, పరాయి స్త్రీ ఆప్యాయతతో అడిగినప్పుడు వ్యవసాయమని యేల చెప్పితిమో, దానికి బదులు మాయొద్ద లేదు.

సర్వాయి పాపన్నను గుఱించి మనము గర్వముతో పాడుకొందుము. ఆయన కథ నిలుచుటకు కారణము పాటలు మాత్రమే కాదు. ఆయనను దొంగయని తిట్టిన మొగలాయి చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాతయును కారణమే. ఆ పాటలను బాయిల్ అను ఆంగ్లేయుడు 1874లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో ప్రకటించెను. పాపన్న యొక్కడు. తాళ్లెక్కిన వేలమందికి పాటలు లేవు. వారికి ఆబ్కారీ కాగితములున్నవి. మద్రాసు రాజధానిలో 1886 నాటి ఆబ్కారీ చట్టమును, నిజాము రాజ్యమున 1316 ఫసలీ చట్టమును అనుసరించి దుకాణములకు, చెట్లకు లెక్కలు వ్రాసిరి. ఫసలీకి 590 చేర్చిన క్రీస్తుశకము వచ్చును. నిజాము కాగితములు హైదరాబాదున తార్నాక యందలి రాష్ట్ర దస్తావేజు భాండారమున, మద్రాసువి ఎగ్మూరు నందలి భాండారమున చూడవచ్చును. ఉర్దూ చదువగలవారు మన వృద్ధులలో ఇంకను కొందఱున్నారు; పది యేండ్లకు ఎంతమంది యుందురో ఎవరు చెప్పగలరు? మొదట చదివింపవలసినది వారిచేతనే.

మీ యిండ్లలో పాత రసీదులు గాని, గుత్త పత్రములు గాని, చెట్టు నెంబరు వ్రాసిన పన్నుచీటీలు గాని ఉన్న యెడల, చినిగినవైనను, చెదలు పట్టినవైనను, రేపటి సాయంకాలపు సభలోపల తీసికొని రండు. భోజనశాల ప్రక్కగదిలో ఛాయాచిత్రములు తీయుటకు ఇద్దఱు యువకులను ఏర్పాటు చేసితిమి. అసలు కాగితము అప్పుడే మీ చేతికి తిరిగి యిత్తుము. ఉర్దూ తెలిసిన పెద్దలు ఇద్దఱు ఆ గదిలోనే కూర్చుండుటకు దయతో నంగీకరించిరి. కాగితము లేనివారు తాతగారి పేరు, ఊరు, ఎక్కిన చెట్లెచ్చట నుండెనో, మోకు ఎవరివద్ద నున్నదో చెప్పిన వ్రాసికొందుము. మా తాతగారి సంగతి మొదటి పుటలో వ్రాసియుంచితిమి.